గుమ్మంలో లేని ముగ్గు

శుక్రవారం పొద్దున్నే కుంకుమపూజకని బయలుదేరిన హైమవతికి, కాకినాడ పూలమార్కెట్ మలుపు తిరగగానే తన మొహం తనకే ఎదురుపడింది. చేతిలో పూలసజ్జ జారిపోయింది.

రెండంతస్తుల మేడంత మొహం. గోడ నిండా తనే. మూకుడు ముందు పీట మీద కూర్చుని, జల్లిగరిటెతో గారె తీస్తూ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది. ఒక్కొక్క కన్నీటి బొట్టూ కొబ్బరికాయంత ఉంది. కింద బంగారు రంగు అక్షరాలు మెరుస్తున్నాయి: “తృప్తి కళ్ళల్లోనే తెలుస్తుంది. పసిడిగింజ నువ్వుల నూనె.”

“పిన్నిగారూ! గోడకెక్కారు!” పక్కవాటాలో ఉండే రమణి కూరల సంచీతో పరుగెత్తుకొచ్చింది. “మా చెల్లెలు ఏడాదిగా వీడియోలు పెడుతోంది, ఒక్కటీ ఎక్కలేదు. మీరు చడీచప్పుడూ లేకుండా ఎక్కేశారు. ఎంత గుట్టండీ మీకు!”

హైమవతి ఆ మాటలు వినడం లేదు. గోడ మీద తన వెనక కనిపిస్తున్న వీధిగుమ్మాన్నే చూస్తోంది. గుమ్మానికి పచ్చటి మామిడాకులు. గడప ముందు చుక్కల ముగ్గు, మధ్యలో పసుపు, చుట్టూ గొబ్బిపూలు.

“ఆ ముగ్గు ఎవరు వేశారు రమణీ?”

“అదేం ప్రశ్నండీ! మీ గుమ్మమేగా?”

“గుమ్మం మాదే. అది మా అత్తగారి తద్దినం. తద్దినం నాడు గుమ్మంలో ముగ్గు వేస్తామా?”

రమణి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. సంచీ కింద పెట్టి, వంగి, పూలు ఏరడం మొదలుపెట్టింది.

అప్పటికి ఆ ఊళ్ళో గోడలన్నీ తెరలే. ఒకప్పుడు ప్రకటనల్లో నటులుండేవారు. తర్వాత కంప్యూటర్లు తయారుచేసిన మనుషులు వచ్చారు. వాళ్ళు ఎంత అందంగా నవ్వేవారంటే, కొన్నాళ్ళకి జనం ఏ నవ్వునీ నమ్మడం మానేశారు. సబ్బు చూపించినా, చీర చూపించినా “అంతా బొమ్మలే” అని మొహం తిప్పుకునేవారు. కంపెనీల గొంతులో వెలక్కాయ పడింది.

సరిగ్గా అప్పుడే ‘ఆర్ద్ర’ వచ్చింది. చూడటానికి గోరంత కటకం, దాని వెనక ఊరంత కంప్యూటర్. మనిషి మొహంలో కండరం కదిలే తీరు, కంటిపాప పెద్దదయ్యే తీరు, ఊపిరిలో వణుకు, మెడ మీద నాడి, ఇవన్నీ కలిపి చూసి, ఆ మనిషిలో కదిలింది నిజమైన అనుభూతా కాదా, నిజమైతే ఎంత లోతైనది అని నూటికి మార్కులు వేస్తుంది. ఉల్లిపాయ కోసి ఏడిస్తే సున్న. నటుడు ఏడిస్తే మహా అయితే ఇరవై. కన్న కూతుర్ని అత్తారింటికి పంపుతూ ఏడిస్తే ఎనభై దాటుతుంది. కంపెనీలు ఇక ప్రకటనలు తీయడం మానేసి, మామూలు మనుషులు తమకోసం తాము తీసుకుని నెట్‌లో పెట్టుకునే వీడియోలన్నిటినీ ఆర్ద్ర చేత జల్లెడ పట్టించడం మొదలుపెట్టాయి. ఎక్కడైనా మంచి మార్కులు వచ్చి, పక్కన తమ సరుకు కనబడిందా, అది గోడకెక్కినట్టే. మూల మీద ఆర్ద్ర ముద్ర ఉంటే చాలు, జనం కళ్ళకద్దుకుని కొనేవారు.

హైమవతి ఆ వీడియో తీసింది వాసంతి కోసం. వాసంతి ఆమె తోడికోడలు సీతాలక్ష్మి కోడలు, నాగపూర్‌లో కాపురం. సీతాలక్ష్మి పోయి ఏడాది కావస్తోంది. మొదటి తద్దినానికి ఆ పిల్లే వండాలి. “పెద్దత్తయ్యా, ఏది ముందు వండాలో, ఏది వేయకూడదో, నాకు ఒక్క ముక్కా తెలియదు. మా అత్తయ్య ఉన్నన్నాళ్ళూ నన్ను వంటింట్లోకి రానిచ్చిందా?” అని ఫోన్‌లో ఏడిస్తే, “మీ అమ్మమ్మగారి తద్దినం నా చేతిమీదుగానే జరుగుతుందిగా, అది చూసి నేర్చుకో” అంది హైమవతి. అమ్మమ్మగారంటే హైమవతి అత్తగారు కామేశ్వరమ్మ. ఆ ఇంట్లో ఏ తిథికి ఏం చేయాలో, ఏ పిల్లకి ఏ మొక్కుందో, ఏ తాత ఏ కూర తినేవాడు కాదో అన్నీ హైమవతికే తెలుసు. చెప్పిందీ నేర్పిందీ ఆ కామేశ్వరమ్మే.

మడి కట్టుకున్నాక ఫోన్ ముట్టుకోకూడదు. అందుకని స్నానానికి వెళ్ళేముందే దాన్ని అలమారలో నిలబెట్టి, తడిచీరతో వచ్చి “మొదలుపెట్టు” అని నోటితో చెప్పింది. ఏ నూనె వాడాలో పిల్లకి అనుమానం రాకుండా ప్యాకెట్ బొమ్మవైపు తిప్పి మరీ పెట్టింది. గారెలు వేస్తుండగా తనకి తెలియకుండానే ఏదో కూనిరాగం తీసింది. రెండు చరణాలయ్యాక గుర్తొచ్చింది, అది అత్తగారి రాగం. మూకుడు ముందు కూర్చుంటే ఆవిడ గొంతులోంచి తనంతట తనే వచ్చేది. అదే వంటింట్లో, అదే పీట మీద, అదే రాగం ఇప్పుడు తన గొంతులోంచి వచ్చింది. ఇక కళ్ళు ఆగలేదు.

బంధువులందరికీ సులువుగా దొరకాలని వాళ్ళింట్లో ఎప్పటినుంచో వాడుతున్న ‘మా ఇంటి వంట’ అనే ట్యాగ్ తగిలించి పెట్టింది. ఆమె చేసిన పొరపాటల్లా అదే.

గుడికి వెళ్ళకుండానే ఇంటికొచ్చిన భార్యని చూసి సూర్యప్రకాశంగారు పేపరు మడిచారు. సంగతి విని లేచి నుంచున్నారు. ఆయన కోపం ఆయన చేతుల్లో కనిపిస్తుంది. కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు.

“మా అమ్మ తద్దినాన్ని బజార్లో పెట్టి నూనె అమ్ముకుంటున్నారా!”

“పదండి, అడుగుదాం.”

“నువ్వా? పాలవాడు నీళ్ళు కలిపితే అడగలేని దానివి!”

“పాలు నావి. ఇవి అత్తయ్యవి” అంది హైమవతి.

పసిడిగింజ ఆఫీసులో మోనిష అనే అమ్మాయి వాళ్ళని లేచి ఆహ్వానించింది. చల్లటి గది, వెచ్చటి కాఫీ, బల్ల మీద రిబ్బను కట్టిన నూనె డబ్బాల బుట్ట.

“మీరు మా స్టార్ ఆంటీ! మీ కన్నీళ్ళకి తొంభై ఎనిమిది వచ్చింది. దేశంలో ఇంతవరకూ ఎవరికీ రాలేదు.”

“ఆ వీడియో మీకోసం తీయలేదు తల్లీ.”

“అదే కదా ఆంటీ దాని విలువ! దీన్ని యు.జి.సి. అంటాం. యూజర్ జెనరేటెడ్ కంటెంట్. వాడేవాళ్ళు వాళ్ళంతట వాళ్ళు తీసుకున్నది. మాకోసం తీస్తే ఆర్ద్ర ఇట్టే పట్టేస్తుంది, ముప్పై కూడా రాదు.”

“మమ్మల్ని అడిగారా?” అన్నారు సూర్యప్రకాశంగారు.

“ట్యాగ్ పెట్టారుగా అంకుల్. ‘మా ఇంటి వంట’ మా కంపెనీ రిజిస్టర్ చేసుకున్న ట్యాగ్. అది పెడితే ఒప్పుకున్నట్టే.”

“ఆ మాట మా ఇంట్లో మా అమ్మ నాటినుంచీ ఉందమ్మా!”

“ఉండొచ్చు అంకుల్. రిజిస్టర్ చేయించలేదు కదా?”

హైమవతి భర్త మోచేతి మీద చెయ్యి వేసింది. “అమ్మాయ్, అది తద్దినం. నేను ఏడ్చింది చచ్చిపోయిన మా అత్తగారి కోసం. తృప్తి అని ఎలా రాశావు?”

మోనిష కొంచెం తడబడింది. “ఆర్ద్ర లోతు మాత్రమే చెబుతుందండీ. అది ఏ అనుభూతో మేం పేరు పెట్టి నేర్పితేనే దానికి తెలుస్తుంది. నూనె పక్కన దుఃఖం అంటే ఎవరు కొంటారు? అందుకని తృప్తి అని మార్క్ చేశాం.”

“మరి ముగ్గు?”

“మనిషిని ముట్టుకోకూడదని రూలు. వెనకాల ఏమైనా మార్చుకోవచ్చు. గుమ్మం మరీ బోసిగా ఉందని మా డిజైనర్ ఫీలయ్యాడు.”

“బోసిగానే ఉండాలి. ఆ పూట ఇంటికి వచ్చేది పెద్దవాళ్ళు. గడప ముందు ముగ్గుంటే వాళ్ళు లోపలికి రారు. మధ్యాహ్నం దాకా వీధిలోనే నిలబడి, ఆకలితో తిరిగిపోతారని మా అత్తగారు చెప్పేది. మా పిల్లలు దాన్ని చూసి నేర్చుకుంటున్నారు. అది తీసేసి నాది నాకు పెట్టు.”

“ఇప్పుడు కుదరదాంటీ. ఆ ట్యాగ్‌లో ఒక వీడియోకి ఒకే వెర్షన్ ఉంటుంది. ఎవరు తెరిచినా మాదే వస్తుంది. అయినా పాతదానికన్నా ఎంతో క్లియర్‌గా ఉంటుంది!” అని బుట్ట ముందుకి జరిపింది. “ఇది మా తరఫున చిన్న కానుక.”

హైమవతి ఆ బుట్టవైపు చూడలేదు. మెట్లు దిగుతూనే నాగపూర్‌కి ఫోన్ చేసింది. గోడకెక్కిన వీడియోని నమ్మొద్దని చెప్పబోతే, మాట పూర్తికాకుండానే వాసంతి గలగలా నవ్వింది. “మీరేం కంగారుపడకండి పెద్దత్తయ్యా. మీరు పెట్టిన రోజే చూసి సేవ్ చేసి పెట్టుకున్నాను. ఆ రోజు పక్కన పెట్టుకుని, అక్షరం పొల్లు పోకుండా అలాగే చేస్తాను.” హైమవతి గుండె కుదుటపడింది. సేవ్ చేసుకోవడమంటే పెట్టెలో దాచుకోవడమనే ఆమె అనుకుంది. అది పేజీలో గుర్తు పెట్టుకోవడమేననీ, మళ్ళీ తెరిస్తే కంపెనీవాళ్ళదే వస్తుందనీ ఆమెకి తెలియదు.

ఆర్ద్రని కనిపెట్టిన డాక్టర్ చక్రపాణి ఆఫీసు కూడా పసిడిగింజ మేడలోనే, పై అంతస్తులో ఉంది. మర్నాడు సూర్యప్రకాశంగారు రానన్నారు. హైమవతి ఒక్కతే వెళ్ళింది. నలభై ఏళ్ళ మనిషి, నలిగిన చొక్కా, నిద్ర చాలని కళ్ళు. ఆమెని కూర్చోబెట్టి ఓపికగానే చెప్పాడు.

“అమ్మా, ఇది నూనె కోసం కనిపెట్టింది కాదు. మా అమ్మకి పక్షవాతం వచ్చి మాట పోయింది. నొప్పి పుడితే చెప్పలేదు, ఆకలేస్తే అడగలేదు. ఆవిడ మొహం చూసి ఆవిడకేం కావాలో చెప్పే పరికరం చేద్దామనుకున్నాను. చేశాను. ఇవాళ ఆవిడ మంచం దగ్గరా, ఆస్పత్రిలో మాట లేని రోగులందరి దగ్గరా ఆర్ద్రే ఉంది. ఎరుపు వెలిగితే బాధ, ఆకుపచ్చ వెలిగితే తృప్తి. నర్సులు దాన్నిబట్టే మందిస్తారు.”

“మంచి పని నాయనా. మరి నూనెవాళ్ళకి ఎందుకిచ్చారు?”

“పరికరానికి నేర్పాలంటే లక్షల మొహాలు కావాలి. ఆస్పత్రిలో అన్ని ఎక్కడ దొరుకుతాయి? వాళ్ళ దగ్గర ఊళ్ళ ఊళ్ళు ఉన్నాయి. ఇప్పుడు గోడ మీద చూసేదీ, ఆస్పత్రిలో చూసేదీ ఒకటే మెదడు. గోడ దగ్గర నేర్చుకున్నది మంచం దగ్గర పనికొస్తుంది.”

“అయితే నా ఏడుపుని తృప్తి అని నేర్చుకుంటోందన్నమాట.”

చక్రపాణి చిరునవ్వు నవ్వాడు. “లక్షల్లో మీది ఒకటి. సముద్రంలో చెంచాడు.”

“ఒక చెంచాడే కదా, మార్చేయండి.”

“పేరు పెట్టే హక్కు కంపెనీదమ్మా. నా పని లోతు కొలవడం వరకే.”

హైమవతి గొంతు పెంచలేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె గొంతు పెంచింది లేదు. “లోతు నాదీ, కొలత మీదీ, పేరు వాళ్ళదీనా? ఏడ్చినదాన్ని నేనిక్కడే ఉన్నాను. ఎందుకేడ్చావమ్మా అని నన్ను ఒక్కరూ అడగరేం?”

“చూస్తానమ్మా” అన్నాడతను. ఆ ‘చూస్తాను’ ఎలాంటిదో గవర్నమెంటు ఆఫీసుకి వెళ్ళొచ్చిన వాళ్ళందరికీ తెలుసు.

ఆ తర్వాత జరిగింది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. తొంభై ఎనిమిది మార్కుల ఏడుపు ఊరికి పిచ్చెక్కించింది. హైమవతిలా ఏడిస్తే గోడకెక్కుతామని తెలిసిపోయింది. దొంగ ఏడుపు పనికిరాదు కాబట్టి జనం నిజం ఏడుపు కోసం ఇల్లంతా వెతుక్కున్నారు. పోయినవాళ్ళ ఫొటోలు గోడ మీంచి దిగాయి. తల్లి కట్టిన చీర వాసన చూస్తూ ఒకావిడ, పురిట్లో పోయిన బిడ్డ గాజులు ఒళ్ళో పెట్టుకుని ఇంకొకావిడ, భర్త చెప్పులు ముందేసుకుని మరొకావిడ. అందరి ముందూ మూకుడు, అందరి పక్కనా బొమ్మ ఇటు తిప్పిన పసిడిగింజ ప్యాకెట్. గుండె పగిలేలా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, కింద తామే రాసేవారు: “తృప్తి.” లక్షల దుఃఖాలు ఆ పేరుతో ఆర్ద్ర కడుపులోకి వెళ్ళాయి. అది బుద్ధిగా నేర్చుకుంది.

రమణి చెల్లెలు కూడా తండ్రిని తలుచుకుని గోడకెక్కింది. “ఎనభై ఆరు వచ్చిందట పిన్నిగారూ” అని చెప్పడానికొచ్చిన రమణి, హైమవతి మొహం చూసి గడపలోనే ఆగిపోయింది.

“మీ నాన్న ఉంటే ఆ పిల్లని ఏమనేవారు రమణీ?”

“ఏమనేవారండీ” అంది రమణి. “నూనెంతకి కొన్నావే అనేవారు.” నవ్వబోయి ఏడ్చేసింది.

ఒక ఎండపొద్దున చక్రపాణి హైమవతి ఇంటికి వచ్చాడు. వాకిట్లోనే నిలబడిపోయాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“మా అమ్మకి తుంటి ఎముక విరిగిందమ్మా. మంచం మీంచి దించేటప్పుడు ఎప్పుడో. ఎప్పుడో ఎవరికీ తెలియదు.”

“అయ్యో! తెలియకపోవడమేమిటి?”

“పరికరం ఆకుపచ్చ చూపిస్తోంది. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే తృప్తి, తొంభైనాలుగు అని చూపిస్తోంది. నర్సులు మందు ఆపేశారు. నేను... నేనూ తెర చూసి, అమ్మ హాయిగా ఉందనుకుని ఆఫీసుకి వెళ్ళిపోయేవాణ్ణి. ఇవాళ ఒళ్ళు తుడుస్తుంటే బయటపడింది.”

సూర్యప్రకాశంగారు వాలుకుర్చీలోంచి అన్నారు. “సముద్రంలో చెంచాడు అన్నావటగా బాబూ?”

చక్రపాణి తల దించుకున్నాడు. “ఆర్ద్ర అన్నిటికన్నా ఎక్కువ మార్కులొచ్చిన నమూనాని ఆధారంగా పెట్టుకుంటుంది. అది మీది. మీరే దాని ముందు నిలబడి, అప్పటి కన్నీళ్ళు దుఃఖమని చెబితే, కంపెనీ ఒప్పుకోకపోయినా అది తిరగ నేర్చుకునే వీలుంది. ఒక్కసారి రండమ్మా.”

“వెళ్ళకు హైమా” అన్నారాయన. “మనం మర్యాదగా అడిగినప్పుడు వినిపించుకోని పెద్దమనిషి.”

“ఇతని కోసం వెళ్ళడం లేదండీ. ఆవిడెవరో నొప్పితో పడుంటే, నా ఏడుపు అడ్డం పెట్టుకుని మందివ్వడం లేదు. అది నేను భరించలేను.”

ఆస్పత్రి గదిలో చక్రపాణి తల్లి లలితాంబగారు చిన్నపిల్లంత అయిపోయి పడుకుని ఉంది. తలవైపు గోడకి తెర, దాని మీద గోరంత కన్ను. పచ్చటి వెలుగు ఆవిడ తడిసిన చెంపల మీద పడుతోంది. కట్టు కట్టారు, ఇంజక్షను మాత్రం ఇంకా ఇవ్వలేదు. “సిస్టమ్‌లో రెడ్ రావాలి మేడమ్, లేకపోతే ఫార్మసీ తెరుచుకోదు” అంది నర్సు నేలచూపులు చూస్తూ. కొడుకు తలుపు దగ్గరే ఆగాడు.

హైమవతి కటకం ఎదురుగా నిలబడింది. ఇష్టదైవాన్ని తలుచుకుంది.

“నా పేరు హైమవతి. ఆ రోజు మా అత్తగారి తద్దినం. నేను కోడలిగా ఆ ఇంటికి వచ్చినప్పుడు నాకు పదిహేడేళ్ళు. జడ వేసింది ఆవిడ, వంట నేర్పింది ఆవిడ, పురుడు పోసింది ఆవిడ. ఆ రాగం ఆవిడది. ఆవిడ ఇక లేదని ఏడ్చాను. అది దుఃఖం. వింటున్నావా? దుఃఖం. ఇదిగో ఈ తల్లి కళ్ళల్లోదీ దుఃఖమే, నొప్పే. మీరెవరూ దానికి పేరు మార్చడానికి వీల్లేదు!”

ఆమె చెంపలు తడిసిపోయాయి. తెర ఒక్క క్షణం నల్లబడింది.

తెర మళ్ళీ వెలిగింది. ఆకుపచ్చ. “తృప్తి: తొంభై తొమ్మిది.” కింద బంగారు రంగులో ఇంకో వరస జరిగిపోయింది: “ఈ పండగకి మీ ఇంట్లోనూ పసిడిగింజ.”

చక్రపాణి తెర దగ్గరకి పరుగెత్తి ఏవేవో నొక్కడం మొదలుపెట్టాడు. “ఎక్కడో తప్పు జరిగింది... ఇంకొక్కసారి చెప్పండమ్మా, ఇంకొంచెం దగ్గరగా...”

హైమవతి దగ్గరగానే వచ్చింది. కొంగు తీసి ఆ కంటిని మూసేసి, ముడి బిగించినట్టు పిడికిట్లో గట్టిగా పట్టుకుంది. “ఇంకా దాన్నే చూస్తున్నావేం నాయనా? మీ అమ్మ అక్కడుంది!”

చక్రపాణి తిరిగి చూశాడు. నిజంగానే చూశాడు. తల్లి కింది పెదవిని పంటితో నొక్కి పట్టుకుని ఉంది. పెదవి మీద ఎండిన రక్తం ఉంది. అది ఇవాళ్టిది కాదు. అతని చేతులు వాలిపోయాయి. నర్సు ఫార్మసీ తాళాన్ని ట్రేతో బద్దలుకొట్టిన చప్పుడు వరండాలోంచి వినిపించింది.

హైమవతి ఇల్లు చేరేసరికి ఫోన్ మోగుతోంది. వాసంతి.

“పెద్దత్తయ్యా! అత్తయ్య తద్దినం అయిపోయింది. మీ దయవల్ల ఒక్క లోటూ రాలేదు. గారెలు చూసి భోక్తలు కూడా మెచ్చుకున్నారు.”

“చల్లగా ఉండు తల్లీ. మా సీత పెట్టిపుట్టింది.” ఆ రోజులో మొదటిసారి హైమవతి కూర్చుంది.

“మీ వీడియో ముందు పెట్టుకుని అచ్చం అలాగే చేశాను. తెల్లవారకుండానే లేచి గుమ్మానికి మామిడాకులు కట్టి, మీరు వేసినట్టే గడపంతా పెద్ద చుక్కల ముగ్గు వేశాను. ఇక్కడ గొబ్బిపూలు దొరక్క బంతిపూలు పెట్టాను, పరవాలేదు కదా?”

హైమవతి తలెత్తింది. తెరిచిన కిటికీలోంచి ఎదుటి గోడ మీద తన మొహమే మెరుస్తోంది. తృప్తిగా.

“పెద్దత్తయ్యా? ముగ్గు తప్పా? మీరే కదా వేశారు... అందులో ఉన్నది మీరే కదా?”

“నేను కాదు!”

ఆ కేక వీధి చివరిదాకా వినిపించింది. రమణి బయటికి వచ్చింది. సూర్యప్రకాశంగారి చేతిలో కళ్ళజోడు నేలమీద పడింది. అవతల వాసంతి భయపడి “ఏమైంది, ఏమైంది” అంటూనే ఉంది.

హైమవతికి నాగపూర్ కనిపిస్తోంది. ఎప్పుడూ చూడని ఆ వీధీ, ఆ గుమ్మమూ, ఆ బంతిపూలూ. లోపల్నుంచి గారెల వాసన వస్తుంటే, చీర కొంగు నిండుగా కప్పుకుని, ముగ్గు అంచు తొక్కకుండా జాగ్రత్తగా ఆగి, కోడలు పిలుస్తుందేమోనని మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడిన సీతాలక్ష్మి.